రోల్ ప్లేయింగ్ గేములలో ఈవెంట్ల రూపకల్పన

1. పరిచయం

కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ గేములో ఊరి పెద్ద మాట్లాడాలన్నా, తలుపు తెరుచుకోవాలన్నా ముందుగా రాసిపెట్టిన ఆదేశాలు కావాలి. అటువంటి ఆదేశాల సముదాయాన్ని ఈవెంట్ అంటారు. నాటకంలో రంగాల వరుసను రచయిత నిర్ణయిస్తాడు. ఆటలో ఆ వరుస చాలావరకు ఆటగాడి చేతిలో ఉంటుంది. రూపకర్తకు ఎదురయ్యే ముఖ్య సమస్య ఇదే. 2015లో విడుదలైన ఆర్‌పీజీ మేకర్ ఎంవీ అనే సాధనం ఆధారంగా దీనిని పరిశీలిద్దాం.

2. ఈవెంట్ నిర్మాణం

ఈ సాధనంలో ఒక ఈవెంట్‌కు ఒకటి లేదా అంతకంటె ఎక్కువ పేజీలుంటాయి. ప్రతి పేజీలో మూడు అంశాలను గమనించాలి.

(అ) షరతు: ఈ పేజీ ఏ స్థితిలో వర్తిస్తుంది?
(ఆ) ట్రిగ్గర్: ఆదేశాలు ఎప్పుడు మొదలవుతాయి? బటన్ నొక్కినప్పుడా, తాకినప్పుడా, తమంతట తామేనా?
(ఇ) ఆదేశాలు: ఏమి జరుగుతుంది?

జరిగినదాన్ని గుర్తుంచుకోవడానికి స్విచ్‌లు, చలరాశులు ఉన్నాయి. స్విచ్‌కు ఆన్, ఆఫ్ అనే రెండే స్థితులు. చలరాశిలో సంఖ్య ఉంటుంది. ఇవి ఆట అంతటికీ వర్తిస్తాయి. సెల్ఫ్ స్విచ్ మాత్రం ఆ ఒక్క ఈవెంట్‌కే చెందుతుంది.

3. ఉదాహరణ: నిధి పెట్టె

మొదటి పేజీకి షరతు లేదు. బటన్ నొక్కితే 50 నాణేలు ఇచ్చి, సెల్ఫ్ స్విచ్ 'ఎ'ను ఆన్ చేస్తుంది. రెండో పేజీకి షరతు 'ఎ' ఆన్‌లో ఉండటం. అందులో తెరిచిన పెట్టె బొమ్మ తప్ప ఆదేశాలు లేవు.

ఒకేసారి రెండు పేజీల షరతులూ నెరవేరితే, పెద్ద సంఖ్య గల పేజీయే అమలవుతుంది. అందుకే పెట్టె రెండోసారి నాణేలివ్వదు. పేజీల వరుసను తారుమారు చేస్తే, షరతు లేని పేజీయే ఎప్పుడూ నెగ్గి, అడిగినన్నిసార్లు నాణేలిస్తుంది. సెల్ఫ్ స్విచ్ బదులు అన్ని పెట్టెలకూ ఒకే మామూలు స్విచ్ వాడితే, ఒకటి తెరవగానే అన్నీ తెరిచినట్లు కనిపిస్తాయి.

4. జాగ్రత్త వహించవలసిన అంశాలు

ఆటోరన్ ట్రిగ్గర్ నడుస్తున్నంతసేపు ఆటగాడు కదలలేడు. చివరి ఆదేశం ఆ పేజీ షరతును మార్చకపోతే అదే ఈవెంట్ మళ్లీ మళ్లీ మొదలై ఆట స్తంభిస్తుంది.

అంతకంటె ప్రమాదకరమైనది వరుస తప్పడం. ఊరి పెద్ద గుహలోని ఉంగరాన్ని తెమ్మని అడగాలి. కాని ఆటగాడు ముందే గుహకు వెళ్లి ఉంగరం తీసుకున్నాడనుకోండి. 'పని ఒప్పుకున్న తరువాత తీసుకుంటేనే' పూర్తయినట్లు రాసి ఉంటే ఆ పని ఎన్నటికీ పూర్తికాదు. ఆటను సేవ్ చేసినప్పుడు స్విచ్‌ల స్థితి కూడా భద్రమవుతుంది. కనుక మళ్లీ తెరిచినా అదే చిక్కు ఉంటుంది. పాత సేవ్ లేకపోతే ఆటగాడి గంటల శ్రమ వృథా.

దీనికి పరిష్కారం పట్టిక వేయడం. పని ఒప్పుకున్నాడా? ఉంగరం ఉందా? రెండు ప్రశ్నలకు నాలుగు స్థితులు. నాలుగింటికీ ఊరి పెద్ద ఏమంటాడో రాయండి. 10 స్విచ్‌లుంటే స్థితులు 1024 అవుతాయి. అన్నింటికీ రాయడం సాధ్యం కాదు. అందువల్ల ఒకదాని తరువాత ఒకటి వచ్చే దశలకు వేర్వేరు స్విచ్‌లు కాక ఒకే చలరాశిని వాడి 0, 1, 2, 3 అని పెంచుతూ పోవాలి. ఉంగరం వంటి స్వతంత్ర విషయాలను మాత్రమే విడిగా ఉంచాలి.

5. సారాంశం

కథ ఎలా నడవాలన్నది రూపకర్త ఊహ. ఆటగాడు ఏ వరుసలో వచ్చినా దారి మూసుకుపోకుండా చూడటం అతని బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నిధి పెట్టెకు సెల్ఫ్ స్విచ్ ఎందుకు అవసరం?
2. తాళంచెవి, తలుపు, కాపలావాడు గల సన్నివేశానికి స్థితుల పట్టిక తయారుచేయండి.