రంగు అడగని లెక్కలో రంగు భేదం



కంప్యూటర్‌కు మనిషి ముఖం కనబడదు గనుక అది వేసే లెక్కలో పక్షపాతం ఉండదని చాలామంది అనుకుంటారు. అమెరికా ఆసుపత్రుల్లో వాడిన ఒక లెక్క గురించి 2019లో బయటపడిన సంగతి వింటే ఆ నమ్మకం సడలుతుంది.

ఏ వివరాలు తీసుకోవాలి, వాటితో ఏమి తేల్చాలి అని కంప్యూటర్‌కు వరుసగా రాసిచ్చే పద్ధతిని అల్గారిథమ్ అంటారు. షుగరు, బి.పి., గుండెజబ్బు, కిడ్నీ జబ్బు వంటివి రెండు మూడు కలిసి ఉన్నవారిని అక్కడ కొన్ని ఆసుపత్రులు ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉంటాయి. నర్సులు ఫోను చేసి మందులు వాడుతున్నారా అని అడుగుతారు, డాక్టరును త్వరగా చూసే ఏర్పాటు చేస్తారు. మంచి పనే. అయితే అందులో అందరికీ చోటు ఉండదు కదా! అందుకని కంప్యూటర్ పాత రికార్డులు చూసి రోగులకు మార్కులు వేసేది. బాగా ఎక్కువ మార్కులు వచ్చినవారికి ఆ సహాయం దొరికేది.

జియాద్ ఓబర్‌మేయర్ అనే వైద్యుడు, సెంధిల్ ములైనాథన్ అనే ఆర్థికశాస్త్రవేత్త, మరి ఇద్దరు కలిసి ఒక పెద్ద ఆసుపత్రిలో దాదాపు 50 వేలమంది రోగుల రికార్డులు పరిశీలించారు. వారు చూసినది 'సైన్స్' పత్రికలో వచ్చింది. మార్కులు సమానంగా ఉన్నా, నల్లజాతి రోగులకు తెల్లజాతి రోగులకంటే జబ్బు ఎక్కువగా ఉంది. వారి బి.పి., షుగరు అదుపులో లేవు. రక్తహీనత, కిడ్నీ సమస్యలు కూడా ఎక్కువే.

మరి ఆ లెక్క రోగి జాతి అడిగిందా? అడగలేదు.

జబ్బును కొలవవలసిన చోట ఖర్చును కొలిచారు, అదీ పొరపాటు. ఈ రోగి వైద్యానికి ముందుముందు ఎంత ఖర్చవుతుంది అన్నదే ఆ లెక్క అంచనా వేసేది. జబ్బు ఎక్కువైతే ఖర్చూ ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఖర్చు కావాలంటే ముందు రోగి ఆసుపత్రికి రావాలి. పేదవాడికి బస్సు దొరకాలి, పనిలో సెలవు దొరకాలి. డాక్టరుమీద నమ్మకం కూడా ఉండాలి. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుండి 1972 వరకు సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు చికిత్స చేయకుండా ఊరికే గమనిస్తూ ఉండిపోయారు. అటువంటి దేశంలో ఆ నమ్మకం తేలిక కాదు. ఈ కారణాలవల్ల, జబ్బు ఒకే స్థాయిలో ఉన్నా నల్లజాతి రోగికి ఏడాదికి సుమారు 1,800 డాలర్లు తక్కువ ఖర్చయ్యేది. తక్కువ ఖర్చయినవాడు కంప్యూటర్ దృష్టిలో ఆరోగ్యవంతుడు!

సహాయానికి నేరుగా ఎంపికైనవారిలో నల్లజాతివారు 17.7 శాతం. ఈ తేడాను తొలగిస్తే వారు 46.5 శాతం ఉండేవారని పరిశోధకులు తేల్చారు. తరువాత ఆ లెక్క తయారుచేసిన సంస్థతో కలిసి, ఖర్చుతోపాటు జబ్బును కూడా లెక్కలోకి తెచ్చి చూడగా ఆ తేడా 84 శాతం తగ్గింది.

మన ఇళ్ళలోనూ డబ్బు ఖర్చవుతుందని నొప్పిని ఓర్చుకునే తల్లులు ఉన్నారు. వారి ఫైలులో రెండే కాగితాలు ఉంటాయి. అది చూసేది కంప్యూటరైనా మనిషైనా, కాగితంలో లేని బాధ తెలియదు. ఓ.పి.కి వచ్చినప్పుడు, ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర వేయించుకున్న ఇంజక్షన్లు, కొనలేక మందులు మానేసిన నెలలు కూడా డాక్టరుగారికి చెప్పండి. చీటీలు లేకపోయినా ఫరవాలేదు.