పసులదొడ్డియు అడవిమందయు

గుంటూరు, ప్రకాశము మండలముల రైతునకు అడవిమృగముపై గల కోపము నిష్కారణమైనది కాదు. రాత్రివేళ మొక్కజొన్నచేనుపై పడిన పందులమంద తెల్లవారునప్పటికి మిగిల్చిపోవునది విఱిగిన చొప్పమాత్రమే. అప్పు తెచ్చి ప్రత్తియు మిరపయు పెట్టినవాడు పగలు పురుగుతోను, రాత్రి మృగముతోను పోరాడవలసి వచ్చుచున్నది. ఈ కోపమునకు మఱియొక యనుమానముకూడ తోడగుచున్నది. గాలికుంటు, గొంతువాపు మొదలగు జాడ్యములను అడవినుండి జింకలే పల్లెకు మోసికొని వచ్చుచున్నవని పసులకాపరులలో కొందఱు నమ్ముచున్నారు. మొదటి ఫిర్యాదు న్యాయమైనది. దానిని గూర్చి ప్రభుత్వమువారు ఉదాసీనులై యుండుటకు వీలులేదు. రెండవ యనుమానమును మాత్రము వన్యమృగ శాస్త్రజ్ఞులు అఱువదియేండ్ల పరిశోధనతో చాలవఱకు తలక్రిందులు చేసియున్నారు. ఆ పరిశోధన మన పల్లెలకు చేరలేదు. అందుచేతనే నేడీ విషయమును విపులముగా వ్రాయుచున్నాము.

మన తాతలనాటివారికి ముసరవ్యాధి యనగానే గుండె జారిపోయెడిది. ఆంగ్లమున దానిని రిండర్‌పెస్టు అందురు. జ్వరము తగిలి, నోరు పుండ్లుపడి, కన్నుల నీరు కాఱి, విరేచనములతో పశువు కొలది దినములలోనే కూలెడిది. దొడ్డి యొక్కవారములో పాడుపడిన పిదప రైతు దున్నుటకు ఎద్దు లేక, ఎరువునకు పెంట లేక, భూమియుండియు దరిద్రుడగుచుండెను. ఆంగ్లప్రభుత్వమువారు విచారణసంఘము నొకదానిని వేయగా, దాని నివేదిక 1871లో వెలువడెను. 1889లో పూనాయందు ప్రారంభమైన పరిశోధనాలయము పిదప హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలింపబడెను. 1897లో రాబర్టు కాక్ పండితుడు అచ్చటికి వచ్చి ఈ వ్యాధిని పరిశీలించిపోయెను. క్రిమిని మేకశరీరమున మాటిమాటికి పెంచి బలహీనపఱచి టీకాగా వాడు పద్ధతిని 1920వ దశకమున అచ్చటనే ఎడ్వర్ట్సు సాధించెను. విద్య పుట్టినది మన గడ్డమీదనే. అది దేశమంతటికి ఒక్క పథకముగా ప్రవహించుటకు మాత్రము స్వరాజ్యము రావలసివచ్చెను.

ఒంగోలు గిత్తను కన్నబిడ్డవలె సాకు మన ప్రాంతపు రైతులు ఆసక్తితో వినదగిన వృత్తాంత మొకటి కలదు. 1920లో మన దేశపు మూపురముగల పశువులు బ్రెజిలునకు పోవుచు మార్గమధ్యమున బెల్జియములోని ఆంట్వెర్పు రేవున దిగినవి. వానితోపాటు ముసరక్రిమియు దిగినది. ఐరోపా తన మందలయందు మరల ఆ జాడ్యమును చూచి యదరిపడెను. ఆ భయమునుండియే 1924లో ఇరువదియెనిమిది దేశములు ఒడంబడి పారిసునందు అంతర్జాతీయ పశువ్యాధి కార్యాలయమును స్థాపించినవి. మన దేశమున ఏటేట లక్షలకొలది పశువులు చచ్చుచుండగా ఏర్పడని లోకసంస్థ, ఒక్క ఐరోపారేవునకు సోకగానే ఏర్పడెనని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఇక మృగముల మాట. 1890 ప్రాంతమున ఈ వ్యాధి ఆఫ్రికాలో ప్రవేశించి, పశువులతోపాటు అడవిదున్నలను, విల్డెబీస్టు అను గుఱ్ఱపుమొగము జింకలను మందలుమందలుగా కూల్చెను. పిమ్మట దశాబ్దములపాటు తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానమున ప్రతియేట దూడలు చచ్చుచునేయుండెను. జాడ్యమునకు మృగములే నిలయమనియు, వానిని కాల్చినగాని పశువులకు రక్షణ లేదనియు వాదించినవారు ఆనాడు తక్కువవారు కారు. అటుపిమ్మట మైదానముచుట్టునున్న పల్లెపసులకు టీకాలు వేసిరి. మృగములలో ఒక్కదానికైనను టీకా వేయలేదు. అయినను 1963 ప్రాంతమునకు మృగములలోనుండి వ్యాధి తనంతట తానే మాయమైనది.

దీనిని శాస్త్రజ్ఞులు గుర్తించిన తీరు చక్కనిది. వారు విల్డెబీస్టుల రక్తమును వయస్సును బట్టి వేఱుచేసి పరీక్షించిరి. అంతకుముందు పుట్టిన వాని రక్తమున వ్యాధి సోకిన చిహ్నములు కానవచ్చెను. తరువాత పుట్టిన పిల్లలలో ఆ చిహ్నము లేదు. జాడ్యమునకు మూలస్థానము అడవియే యైనచో పల్లెలో వేసిన టీకాతో అది అడవిలో అంతరించుట యెట్లు? మృగములు బాధితులే కాని బాధకులు కావని తేలిపోయెను. 1961లో సుమారు రెండున్నరలక్షలుగా నున్న విల్డెబీస్టులు 1970వ దశకము ముగియకముందే పదుమూడులక్షలకు పెరిగినవి. ఆంథొనీ సింక్లేరు అను జీవావరణశాస్త్రజ్ఞుడు తన జీవితములో అధికభాగము నీ మైదానమునకే ధారపోసి, ఆ పెరుగుదల వెనుకనున్న కథను విప్పెను. మందలు పెరిగి గడ్డిని మేసివేయగా ఎండుగడ్డి తగ్గినది. గడ్డి తగ్గగా కార్చిచ్చులు తగ్గినవి. చిచ్చు తగ్గగా చెట్లు మొలిచినవి. ఊరిపసుల చెవిక్రింద పొడిచిన సూది అడవిలో చెట్లను మొలిపించెనన్నచో అతిశయోక్తి కాదు.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. 1968లో ముదుమలై, బందీపురము అడవులలో ముసర ప్రవేశించి అడవిదున్నలను ఊచకోత కోసినది. మన నల్లమలయందు అడవిదున్న పందొమ్మిదవ శతాబ్దమునందే కనుమఱుగయ్యెను. సుమారు నూటయేబది సంవత్సరముల పిమ్మట 2024లో ఒకటి మరల కనబడినదని అటవీశాఖవారు ప్రకటించినప్పుడు పత్రికలన్నియు సంతోషించినవి. అది యొంటరిది. అట్టి దానికి తోడు కూర్చవలెనన్నచో, ముందు చుట్టుపట్ల పసులదొడ్లు ఆరోగ్యముగా నుండవలెను.

1954లో మన దేశమున ముసర నిర్మూలనపథకము ప్రారంభమైనది. నాలుగుదశాబ్దముల కృషి పిమ్మట కడపటి వ్యాధి 1995లో కనబడెను. 2006లో దేశము వ్యాధిరహితమని గుర్తింపబడెను. 2011లో భూమండలమంతయు ముక్తినొందెను. మశూచి పిదప మనుష్యుడు నిర్మూలించిన రెండవ జాడ్య మిదియే. ఎండలో సైకిలు త్రొక్కుకొని పల్లెపల్లెకు టీకాపెట్టె మోసిన పశువైద్య సహాయకునకు ఏ కూడలియందును విగ్రహము లేదు.

మిగిలిన జాడ్యములు మాత్రము అట్లేయున్నవి. గొఱ్ఱెలకు, మేకలకు ముసరవలెనే వచ్చు పీ.పీ.ఆర్. అను వ్యాధిని మన దేశమున మొదట 1987లో తమిళనాట గుర్తించిరి. అదియే 2016లో మంగోలియా మేకలకు, గొఱ్ఱెలకు సోకి, అచ్చటినుండి సైగా అను జింకలకు ప్రాకి వేలకొలది ప్రాణములను తీసెను. అంతకుముందు 2015లో కజకుస్థానమున రెండులక్షలకు మించిన సైగాలు మూడువారములలో నేలకొఱగినవి. దానికి కారణమైన క్రిమి మన గేదెలకు తొలకరిలో గొంతువాపు తెచ్చునట్టిదే. అయితే ఆ సైగాలకు అది ఊరిపసులనుండి సోకలేదు. లోననే యడగియున్న క్రిమి, మునుపెఱుగని వేడిమియు తేమయు కలిసి రాగా విజృంభించినదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. కనుక ప్రతి మృగమరణమునకు పల్లెనే దూషింతుమనుట మా మతము కాదు. దక్షిణాఫ్రికా ప్రాంతపు అడవిదున్న గాలికుంటు క్రిమిని ఏండ్లతరబడి గొంతులో దాచియుంచునను మాటయు నిజమే. ఆ దున్నచేసిన నేరమునకు మన చుక్కలదుప్పిని శిక్షింపరాదని మాత్రమే మా మనవి.

1983లో పులుల రక్షితారణ్యమైన నాగార్జునసాగర శ్రీశైలారణ్యము మాచర్ల మొదలు మార్కాపురమువఱకు మన పొలిమేరను తాకుచున్నది. చుక్కలదుప్పి, కణుజు, మనుబోతు, కొండగొఱ్ఱె అందలి పులికి ఆహారము. వేసవిలో వాగులెండగా మిగులు కుంటలు కొలదియే. ఉదయమున గొఱ్ఱెలమంద త్రాగిన కుంటలోనే సాయంకాలము దుప్పులమంద త్రాగును. మేతకై మండలములు దాటిపోవు మంద పీ.పీ.ఆర్. టీకా లేక పోయినచో, దారిపొడవున అది విత్తుచుపోవునది జాడ్యమే. ఇక సంక్రాంతికి బండలాగుడు పందెములందు ఎన్నెన్ని యూళ్ల గిత్తలు ఒక్కచోట చేరునో మన పాఠకులెఱుగుదురు. లక్షల విలువగల గిత్తకు బాదములు పెట్టు యజమాని గాలికుంటు టీకా విషయమున అశ్రద్ధ వహించుట మాకు వింతగా తోచుచున్నది.

కేంద్రప్రభుత్వమువారు 2019 సెప్టెంబరులో ప్రారంభించిన పథకముక్రింద ఆఱునెలలకొకసారి గాలికుంటు టీకా ఉచితముగా వేయుచు, చెవికి పండ్రెండంకెల బిళ్లను తగిలించుచున్నారు. టీకా వేసిన రెండుమూడు దినములు పాలు తగ్గునని పసులను తోటలకు తోలి దాచువారున్నారు. రెండుదినముల పాలకై యేడాది పాడిని పణమొడ్డుట యెట్టి లెక్క? శాఖలవారి తీరును మెచ్చుకొనజాలము. గొఱ్ఱె చచ్చినచో పశుసంవర్ధకశాఖ లెక్క. దుప్పి చచ్చినచో అటవీశాఖ లెక్క. క్రిమికి ఈ శాఖాభేదము తెలియదు. అడవియంచు గ్రామములలో దుప్పి కళేబరము కనబడిన దినముననే ఆ వార్త పశువైద్యునికి చేరవలెను, పల్లెలో పీ.పీ.ఆర్. పుట్టిన దినముననే అటవీవిచారణాధికారికి తెలియవలెను.

ఇది మేతహక్కును హరించుటకు సాకు కారాదు. పల్నాటిలో పుల్లరి నిరాకరించి 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు ఒడ్డిన ప్రాణము ఈ మేతకొఱకే. రక్షితారణ్యమున మేతపై నేడు గల ఆంక్షల మంచిచెడ్డలు వేఱుగా చర్చింపదగినవి. మందలు అడవియంచునకు చేరు మార్గములయందు, వేసవికి ముందే టీకాశిబిరములు పెట్టి, కాపరినుండి దమ్మిడీ కోరకుండ వేయవలెనని మేము కోరుచున్నాము. పీ.పీ.ఆర్. టీకా ఒక్కసారి వేసినచో మూడేండ్లు కాపాడును; మందను ఏటేట వెదకవలసిన పనియు లేదు.

కాపరులకొక హెచ్చరిక. ఆకస్మికముగా చచ్చి, ముక్కునుండి, గుదమునుండి గడ్డకట్టని నల్లనెత్తురు కాఱుచున్న కళేబరము దుప్పిదైనను, గొఱ్ఱెదైనను దానిని కోయరాదు, చర్మ మొలువరాదు. అది దొమ్మ కావచ్చును. దొమ్మ మనుష్యులకును సోకును. కోసినచోట దాని బీజము మట్టిలో దశాబ్దములపాటు బ్రతికియుండి, ఆ నేలపై మేసిన మందను మరల పట్టును. పశువైద్యునికి కబురంపి, కుక్కలు చేరకుండ కాచి, ఆయన వచ్చిన పిదప సున్నము చల్లి లోతుగా పూడ్పింపవలెను.