కొనుగోలు వ్యయం కనబడే తీరు: సిర్పూర్ పేపర్ మిల్స్ నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: కొనుగోలు వ్యయం, సరఫరాదారు, దివాలా స్మృతి, కాగజ్‌నగర్, కలప రైతు.

ఒక కంపెనీ ఏడాదిలో సరుకులపై ఎంత ఖర్చుచేసిందో దాని వార్షిక నివేదిక చెబుతుంది. ఎవరివద్ద కొన్నదో, ఏ ధరకు కొన్నదో, మధ్యలో సరుకు ఎన్ని చేతులు మారిందో చెప్పదు. కాగితపు మిల్లు లెక్కల్లో వెదురు, నీలగిరి, సుబాబుల్, రసాయనాలు అన్నీ ‘వినియోగించిన ముడిసరుకుల వ్యయం’ అనే ఒక్క పద్దులో కలిసిపోతాయి. ఆ పద్దును విడదీసి చూడడాన్ని వాణిజ్యశాస్త్ర గ్రంథాలు ప్రధానంగా పొదుపు మార్గంగానే వివరిస్తాయి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని కాగజ్‌నగర్ ఉదంతాన్ని గమనిస్తే, అది సరఫరాదారుని హక్కుకు సంబంధించిన విషయమని కూడా తెలుస్తుంది.

నిజాం పాలనలో 1938లో ఏర్పడిన సిర్పూర్ పేపర్ మిల్స్‌లో 1942లో ఉత్పత్తి మొదలైంది. 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. తరువాత 2016 నాటి దివాలా స్మృతి కింద హైదరాబాదులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఎదుట విచారణ నడిచి, 2018 జూలైలో జేకే పేపర్ సంస్థ ప్రణాళికకు ఆమోదం లభించింది.

ఈ స్మృతి బ్యాంకులను ఆర్థిక రుణదాతలుగా, సరుకులూ సేవలూ అందించినవారిని నిర్వహణ రుణదాతలుగా విభజిస్తుంది. ప్రణాళికపై ఓటుహక్కు ప్రధానంగా మొదటివారిదే. రెండవవారు తమ బకాయిని రుజువులతో పరిష్కార నిపుణునికి సమర్పించుకోవాలి. అంటే, కంపెనీ నడిచినన్నాళ్ళూ బయటివారికి కనబడని బాకీల పట్టిక, అది పడిపోయిన తరువాతనే వెలుగు చూస్తుంది. పట్టికలో లేనివారి గతేమిటి? ఇదే మిల్లుపై మధ్యవర్తిత్వ తీర్పు పొందిన ఐ.కె. మర్చంట్స్ అనే సంస్థ, పరిష్కార ప్రక్రియలో తన క్లెయిమును సమర్పించలేదు. ప్రణాళిక ఆమోదం పొందినందున ఆ క్లెయిము అంతరించిందని 2021 మే నెలలో కలకత్తా హైకోర్టు తేల్చింది. అంతకు నెలరోజుల ముందే సుప్రీంకోర్టు ఘనశ్యామ్ మిశ్రా కేసులో ఈ సూత్రాన్నే స్థిరపరచింది.

కంపెనీ నడుస్తుండగానే ఈ పట్టిక స్పష్టంగా ఉండాలంటే ఏం చేయాలి? కొనుగోలు ఆర్డరు, సరుకు అందినట్లు స్టోర్సు ఇచ్చే రసీదు, బిల్లు, చెల్లింపు అనే నాలుగింటినీ ఒకే లావాదేవీగా జతపరచాలి. చెప్పినంత తేలిక కాదిది. ఒకే సరఫరాదారు పేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరాలతో, ఇంకొకచోట యజమాని పేరుతో నమోదై ఉంటుంది. ఇక్కడ జీఎస్టీ సంఖ్య సాయపడుతుంది. దాని 15 అక్షరాలలో మొదటి రెండు రాష్ట్ర సంకేతం, తరువాతి పది పాన్ సంఖ్య. తెలంగాణకు 36, మహారాష్ట్రకు 27. సరిహద్దుకు అటూ ఇటూ నమోదైన వ్యాపారి లెక్కల్లో ఇద్దరిగా కనబడినా, పాన్ ఆధారంగా ఒక్కడేనని తేలుతుంది.

సరఫరాదారు సూక్ష్మ, చిన్న పరిశ్రమ అవునా కాదా అన్నది కూడా అదే పట్టికలో ఉండాలి. 2006 నాటి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా వారికి 45 రోజులలోగా చెల్లించవలసిందే. గడువు దాటిన బకాయిలను కంపెనీలు ఆరు నెలలకొకసారి ప్రభుత్వానికి తెలపాలన్న నిబంధన 2019లో వచ్చింది. ఎవరు చిన్నవారో తెలియని కొనుగోలు శాఖ ఆ వివరణను ఎలా నింపగలదు?

అసలు చిక్కు కలప వద్ద ఉంది. తన సేద్యపు పంటను అమ్ముకునే రైతుకు జీఎస్టీ నమోదు అక్కరలేదు. కనుక పై పద్ధతి అతణ్ణి పట్టుకోలేదు. దళారి ద్వారా కొన్నప్పుడు ఎందరో రైతుల కలప ఒక్క వ్యాపారి పేరిట నమోదవుతుంది. రైతుకు దక్కిన ధర, దళారి వాటా, లారీ కిరాయి ఒకే అంకెలో కలిసిపోతాయి. కొన్ని కాగితపు మిల్లులు రైతులకు క్లోనల్ మొక్కలు సరఫరాచేసి కలపను తిరిగి కొంటాయి. అటువంటిచోట మొక్కల పంపిణీ రిజిస్టరును కాటా చీటీతో జతచేస్తే, ఏ గ్రామపు రైతుకు టన్నుకు ఎంత ముట్టిందో కంపెనీ లెక్కల్లోనే చూడవచ్చు.