యంత్రగళము - వెదురు గొట్టము

కంఠము లేని గాయని యొకతె జపానులో కలదు. పేరు హత్సునే మికు. 2007లో సప్పోరో నగరమున క్రిప్టన్ సంస్థవా రామెను వెలువరించిరి. సాకి ఫుజితా యను గాత్రనటి పలికిన ధ్వనిశకలములను యమహావారి ‘వోకలాయిడ్’ సాధనము కూర్చును; మనము స్వరమును, మాటలను అందించినచో పాట సిద్ధము. ఊపిరి తీయవలసిన పని లేదు గనుక ఎంతటి దురితకాలమైనను దానికి లెక్కలేదు.

ఊపిరి గలవారికి చిక్కు అచ్చటనే. 2011లో కురోసా-పి మికుచే పాడించిన ‘సెన్‌బొన్‌జకురా’ను వగక్కి బ్యాండువారు 2014లో మానవకంఠముతో వినిపించిరి. గాయని సుజుహనా యూకో, పద్యపఠన సంప్రదాయమైన షిగిన్‌లో ఆరితేరినది. గిటారు, డ్రమ్ములతోపాటు 13 తంత్రుల కోతో, వెదురు షాకుహాచి, 3 తంత్రుల షమిసెన్ అందు మ్రోగును. షాకుహాచికి రంధ్రములు 5 మాత్రమే. తక్కిన స్వరములను రంధ్రము సగము మూసియు, తల వంచియు రాబట్టవలెను. మైక్రోఫోను ఆదుకొననిచో కోతో నాదము విద్యుత్ గిటారు హోరులో మునిగిపోవును.

షమిసెన్ మాత్రము నిలద్రొక్కుకొనును. మీటెడు పలక తంత్రితోపాటు క్రింది చర్మమునుగూడ కొట్టుటచే మద్దెల బిరుసు వచ్చును. పైగా మంద్రతంత్రి మెడను తాకి ‘సవారి’ యను ఝుంకారము నిచ్చును. మన తంబురకు జీవ పట్టించినట్లే. వేగము కొంత హెచ్చైనను, మా చెవికి యంత్రగళము కంటె ఈ పాటయే రుచించినది. బృందము 2024 చివర విరామము తీసికొన్నది, పాట మిగిలినది. శ్రోతలు వినునపుడు ఆ ఝుంకారమును వెదకి పట్టుకొనవలెనని కోరుచున్నాము.