జీపుకు గుండె మార్పిడి

పాత కారు అనగానే మనకి పాత ఇనుప సామాన్లవాడు గుర్తొస్తాడు. అమెరికాలో అదే కారుని అపురూపంగా ఇంటికి తెచ్చుకుని, ఇంజన్‌కి కొత్త ఊపిరి పోసేవాళ్ళున్నారు. అలా తయారైన బండిని ‘హాట్ రాడ్’ అంటారు.

1932లో ఫోర్డు కంపెనీ మామూలు జనం కొనగలిగే కారులో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజన్ పెట్టింది. దాని శక్తి 65 హార్స్‌పవర్. అంతకు ముందు వచ్చిన మోడల్-ఎ కారుది 40 మాత్రమే! వాల్వులు సిలిండర్ల పక్కనే ఉంటాయి కాబట్టి పైన హెడ్ గిన్నె మీద మూత పెట్టినట్టు చదునుగా ఉంటుంది. అందుకే ‘ఫ్లాట్‌హెడ్’ అన్నారు. విప్పడం తేలిక, పాత సామాన్ల కొట్లలో చవగ్గా దొరికేది. ఇంకేం, కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డుల మడ్‌గార్డులు పీకేసి, ఈ ఇంజన్‌కి రెండు మూడు కార్బురేటర్లు బిగించి, ఎండిన సరస్సుల్లో పందేలు పెట్టుకునేవారు. 1953తో అమెరికాలో దాని తయారీ ఆగింది. ఆ గుడగుడ చప్పుడు మీద మోజు మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ గొడవంతా మనకెందుకంటారా? సూర్యాపేట నుంచి కోదాడకీ, మిర్యాలగూడకీ జనాన్ని మోసిన పాత జీపులదీ అమెరికా వంశమే మరి! విల్లీస్ జీపుల్ని మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లోనే బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. యుద్ధకాలంలో వాటికున్న 60 హార్స్‌పవర్ ఇంజన్ కూడా ఫ్లాట్‌హెడ్డే. తర్వాత వచ్చిన ‘హరికేన్’ ఇంజన్లో కొన్ని వాల్వులు హెడ్‌లోకి ఎక్కాయి. ఇంజన్ పొడుగైంది, దానితో బానెట్టూ ఎత్తు చెయ్యక తప్పలేదు. మన పాత జీపులకి అంత ఎత్తు నుదురు అందుకే.

అక్కడ ఇంజన్ మార్చింది పందెం కోసం. ఇక్కడ మార్చింది పూట గడవడం కోసం. పెట్రోలు ఖర్చుకి తాళలేక, పెట్రోలు ఇంజన్ దింపేసి డీజిల్ది ఎక్కించేవారు. సూర్యాపేటలో మా వీధిలో ఉండే ఒక జీపు డ్రైవర్ భార్యని కదిలించాను.

“నా కమ్మలు కుదువబెట్టి ఇంజను ఏయించినమమ్మా. పెట్రోలు పోసినన్ని దినాలు బండి తిన్నంకనే మేం తిన్నం.”

ఆ ఇంజన్ ఏ కంపెనీదో ఆమెకి తెలీదు. కమ్మలకి కట్టిన వడ్డీ మాత్రం పైసలతో సహా చెప్పింది!

ఒక్క మాట. ఇంజన్ మార్చాలంటే ముందు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, ఆర్.సి.లో ఎక్కించాలి. మగవాళ్ళు ‘రేపు చూద్దాంలే’ అంటారు. ప్రమాదం జరిగితే బీమా డబ్బు దగ్గర చిక్కొచ్చేది మన ఇంటికే.

“మరి దింపేసిన పాత ఇంజనేమైంది?” అని అడిగాను.

“ఏమైతది? ఇనుప సామాన్లోళ్ళకు తూకానికి ఇచ్చినం” అంది.