కృష్ణాతీరపు వజ్రము – కార్న్‌వాల్ భవనము

ఇంగ్లండు పల్లెసీమలలో ‘కంట్రీ హౌస్’ అను పేర ప్రసిద్ధములైన ప్రభుభవనములు పెక్కు గలవు. అవి కేవలము నివాసములు కావు. విశాలమైన భూములకును, వాని కౌలుకును, పార్లమెంటునందలి పలుకుబడికిని స్థానములు. తరచుగా అవి ఒక్కమారు కట్టి ముగించినవి కావు. యజమాని సిరితో పెరిగి, సిరితో తరిగినవి. కార్న్‌వాల్ సీమయందలి బొకానక్ భవనము ఇందులకు చక్కని నిదర్శనము. దాని సిరికి మూలము మన కృష్ణాతీరమున నున్నది.

1698 నుండి 1709 వరకు చెన్నపట్టణపు సెంట్ జార్జి కోటకు గవర్నరుగా నుండిన తామస్ పిట్, 1702లో జామ్‌చంద్ అను వర్తకునియొద్ద 410 కారట్ల ముడివజ్రమును 48,000 వరహాలకు కొనెను. అది పరిటాల గనిలో దొరకెనని కొందరు, కొల్లూరు గనిలో దొరకెనని కొందరు చెప్పుదురు. గనికూలి యొకడు దానిని కాలిగాయమున దాచి తెచ్చెననియు, ఓడవాడొకడు వానిని చంపి అపహరించెననియు ఒక కథ కలదు. తాను న్యాయముగనే కొంటినని 1710లో పిట్ వ్రాసియుంచిన వాఙ్మూలము బేరమును మాత్రమే వివరించును. కూలివాని పేరు కథయందును లేదు, పత్రమునందును లేదు.

లండనులో సానపట్టగా సుమారు 140 కారట్లు మిగిలిన ఆ వజ్రమును 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి 1,35,000 పౌనులకు కొనెను. నేడది పారిస్ నగరమున లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. ఆ ధనములో 54,000 పౌనులు వెచ్చించి పిట్ బొకానక్ ఎస్టేటును కొని, అచటి పాతగృహమును పునర్నిర్మింపజేసెను. ఆయన మునిమనుమడును, వాస్తువిద్యయందు స్వయముగ ప్రవీణుడును అగు కేమెల్‌ఫర్డు ప్రభువు దానికి చిత్రశాలతో గూడిన దక్షిణపార్శ్వమును చేర్చెను. 1771లో తన మేనమామ పేర ఉద్యానమున ఎత్తైన శిలాస్తంభము నిలిపెను. 1786 మొదలు సుప్రసిద్ధ వాస్తుశిల్పి జాన్ సోన్ ఆ గృహమునకు మార్పులు చేసెను.

1804లో ఆ ప్రభువు కుమారుడు ద్వంద్వయుద్ధమున మరణింపగా ఆస్తి సోదరికి, పిదప బంధువులకు సంక్రమించెను. 1969 నుండి భవనము నిర్జనమయ్యెను. శిథిలమైన దక్షిణపార్శ్వము కూల్చివేయబడెను. తరువాత మిగిలిన భాగమును శ్రద్ధతో బాగుచేయగా, 2012లో పునరుద్ధరణ బహుమతి లభించెను.

భవనము నిలిచినది. కొల్లూరు మాత్రము పులిచింతల జలాశయమున మునిగినది. మేడను కట్టించినదెవరో, దిద్దినదెవరో ఆంగ్లేయుల వాస్తుగ్రంథములు చెప్పును. రాయిని త్రవ్వినవారెవరో విచారించు బాధ్యత మనది.