ఉప్పు కాపలా కాసే పిండిబొమ్మలు

పిల్లలూ, చపాతీలకి పిండి కలుపుతున్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని ఒక ముద్ద అడగని వాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఆ ముద్దతో పాము చేస్తారు, పిట్ట చేస్తారు, వినాయకుణ్ణి చేసి తొండం కూడా పెడతారు. సాయంత్రానికి పిట్ట రెక్క పగులుతుంది. నాలుగు రోజులకి బూజు పడుతుంది, లేదా చీమలు పడతాయి. అమ్మ తీసి పారేస్తుంది, మీరు ఏడుస్తారు. అదే పిండిలో దోసెడు దోసెడు ఉప్పు కలిపి చేసి, బాగా ఆరబెట్టి చూడండి. ఆ పిట్ట మీరు కాలేజీకి వెళ్లే దాకా అద్దాల బీరువాలో కూర్చుంటుంది. జర్మనీలో క్రిస్మస్ చెట్టుకి ఇలాంటి ఉప్పుపిండి నక్షత్రాలూ గంటలూ చేసి వేలాడదీయడం పాత అలవాటు. ఉప్పు దట్టిస్తే ఎలుకలు ముట్టవని అక్కడి పెద్దవాళ్లు చెబుతారు. ఆ ఉప్పు లోపల ఏం పని చేస్తుందో ఇవాళ మాట్లాడుకుందాం. దగ్గరికి జరగండి. చేతి మీద గీతలో పుండ్లో ఉన్నవాళ్లు మాత్రం పిండి ముట్టకుండా కబుర్లు వినండి, ఉప్పు మండుతుంది.

ముందు లెక్క చెప్తా. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు మెత్తటి ఉప్పు, ముప్పావు గ్లాసు పైన కొద్దిగా నీళ్లు. మైదా, ఉప్పు పొడిగానే బాగా కలపాలి. తర్వాత నీళ్లు కొంచెం కొంచెంగా చిలకరిస్తూ పిసకాలి. నీళ్లన్నీ ఒకేసారి గుమ్మరిస్తే ముద్ద జారైపోతుంది, మళ్లీ పిండి చల్లుకుంటూ కూర్చోవాలి. పది నిమిషాలు ఓపిగ్గా పిసికితే వేళ్లకి అంటుకోకుండా నున్నగా తయారవుతుంది. దాని మీద తడిబట్ట కప్పి అరగంట వదిలేయండి. వంటసోడా, ఈస్టు లాంటివి వేయకూడదు. అవి వేస్తే పిండి పొంగి ముక్కూ చెవీ గుర్తుపట్టలేకుండా పోతాయి.

మైదాయే ఎందుకు, ఇంట్లో బస్తాలకొద్దీ బియ్యం ఉంటే ఆ పిండి పనికిరాదా అని అడగాలి మీరు. అడిగితేనే కబురు ముందుకి నడుస్తుంది! ఒక చిన్న పని చేయండి. ఉప్పు కలపని మైదా ముద్ద నిమ్మకాయంత తీసుకుని, నీళ్ల గిన్నెలో ముంచి వేళ్లతో మెల్లగా నలపండి. నీళ్లు గంజిలా తెల్లబడతాయి, అది పిండిలోని స్టార్చ్. నీళ్లు మారుస్తూ అలాగే కడుగుతూ ఉంటే చివరికి చేతిలో బూడిద రంగు జిగురు ముద్ద మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. దాన్నే గ్లూటెన్ అంటారు. ఇటలీలోని బొలోన్యా నగరంలో జాకొపొ బెకారీ అనే పండితుడు 1728లో గోధుమపిండిని ఇలాగే కడిగి, అందులో ఈ జిగురు పదార్థం వేరేగా ఉందని చూపించాడు. దాదాపు మూడొందల ఏళ్ల నాటి ఆ ప్రయోగానికి కావలసినవి పిండి, నీళ్లు, ఓపిక, అంతే. మీ వంటింట్లో ఈ సాయంత్రమే చేసుకోవచ్చు.

పొడి పిండిలో ఆ జిగురు కనపడదు. గోధుమలో ఉండే రెండు రకాల ప్రోటీన్లు నీళ్లు తగిలాక, పిసికినకొద్దీ ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. విడివిడిగా పుటుక్కున తెగే కొబ్బరిపీచును అరచేతుల మధ్య పేనితే బావిలో చేద దించే తాడవుతుంది చూశారా, ఆ పేనడమే పిండి పిసకడంలో జరుగుతుంది. బియ్యప్పిండిలో, జొన్నపిండిలో ఈ జిగురు తయారవదు. అందుకే మీ నానమ్మ జొన్నరొట్టెలకి మరిగిన నీళ్లు పోసి పిండి కలుపుతుంది. వేడికి స్టార్చ్ ఉబ్బి కాస్త జిగురెక్కుతుంది, రొట్టె తట్టడానికి ఆ జిగురే ఆధారం. రొట్టె వరకూ అది చాలు. సన్నటి కాళ్లూ రెక్కలూ నిలబెట్టాలంటే గోధుమ జిగురు కావాలి.

అయితే ఆ జిగురు ఎక్కువైనా చిక్కే. చపాతీ ఒత్తుతుంటే వెనక్కి ముడుచుకుంటుంది కదా, బొమ్మ కూడా అలాగే ముడుచుకుంటే మీరు పెట్టిన ముక్కు లోపలికి పోతుంది. ఇక్కడ ఉప్పు సాయానికొస్తుంది. అది నీళ్లను తనవైపు లాక్కుంటుంది, జిగురుకి దక్కే నీళ్లు తగ్గుతాయి. దాంతో ముద్దకి సాగుడు తగ్గి, మీరు ఎలా నొక్కితే అలా నిలుస్తుంది.

ఇంకో చక్కటి లెక్క ఉంది, జాగ్రత్తగా వినండి. మన గ్లాసు 200 మిల్లీలీటర్లది అనుకుందాం. ఆ గ్లాసుడు మెత్తటి ఉప్పు ఇంచుమించు 240 గ్రాములు తూగుతుంది. మనం పోసిన నీళ్లు ఓ 160 గ్రాములు. మామూలు వాతావరణంలో 100 గ్రాముల నీళ్లు 36 గ్రాముల ఉప్పునే కరిగించుకోగలవు. అంటే మన నీళ్లలో కరిగేది 58 గ్రాములు, మిగతా 180 గ్రాముల పైచిలుకు ఉప్పు రేణువులుగానే పిండిలో ఉండిపోతుంది. పోనీ మరిగే నీళ్లు పోద్దామా అంటే, అప్పుడైనా 100 గ్రాములకి 39 గ్రాములే కరుగుతుంది. పంచదార అలా కాదు. మామూలు నీళ్లలోనే 100 గ్రాములకి 200 గ్రాముల దాకా కరుగుతుంది, కాచినకొద్దీ ఇంకా ఎంతో కరుగుతుంది. మిఠాయికి పాకం పట్టగలుగుతున్నాం అంటే అందుకే. ఉప్పుతో పాకం పట్టడం ఎవరి వల్లా కాదు. కరగకుండా మిగిలిన ఆ రేణువులే బొమ్మకి గట్టిదనం. నీళ్లు ఆరిపోయేటప్పుడు పిండి కుంచించుకుపోతుంది గానీ ఉప్పు రేణువు కుంచించుకుపోదు. కాబట్టి ఉప్పున్న బొమ్మ ఉత్త పిండిబొమ్మ కంటే తక్కువగా ముడుచుకుంటుంది, తక్కువగా పగులుతుంది. రేణువులు లోపల అలాగే ఉంటాయి గనకే మెత్తటి ఉప్పు వాడమన్నాను. రాళ్లుప్పు వేస్తే బొమ్మ బుగ్గ గరుగ్గా వస్తుంది.

ఇక బూజు సంగతి. బూజైనా, కంటికి కనపడని సూక్ష్మజీవులైనా బతకాలంటే నీళ్లు కావాలి. ఉప్పు ఆ నీళ్లను గట్టిగా పట్టేసుకుంటుంది. పక్కనే నీళ్లున్నా వాటికి దక్కవు. ఆవకాయ ఏడాది నిలవడం, ఎండుచేపలు చెడకుండా ఉండడం, చల్లమిరపకాయలు డబ్బాలో కరకరలాడుతూ ఉండడం, అన్నిటి వెనకా ఈ ఉప్పు కాపలా ఉంది. మన బొమ్మకీ అదే కాపలా.

కానీ ఈ కాపలావాడికి ఒక బలహీనత ఉంది. నీళ్లంటే ఉప్పుకి ఎంత ప్రేమంటే, దగ్గర్లో నీళ్లు లేకపోతే గాలిలోంచి లాక్కుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే స్వచ్ఛమైన ఉప్పు కూడా చెమ్మగిల్లి కరగడం మొదలెడుతుంది. కాకినాడ, విశాఖ, బందరు వైపు వానాకాలంలో తేమ 75 దాటడం మామూలే. అనంతపురం ఎండల్లో ఆ బెంగ లేదు. విశాఖలో మా చెల్లెలి ఇంట్లో సముద్రపు గాలి తగిలే కిటికీకి ఇలాంటి బొమ్మ ఒకటి వేలాడేది. ఆషాఢం వచ్చేసరికి దాని వేళ్లు మెత్తబడి కిందికి వంగాయి. రంగేసిన వైపు బాగానే ఉంది, రంగు తగలని వెనకవైపు నీటిబొట్లు!

వానాకాలంలో రాళ్లుప్పు జాడీ అడుగున నీళ్లూరడం మీరూ చూసే ఉంటారు. మెత్తుప్పు ప్యాకెట్ అంతగా చెమ్మగిల్లదు. రెండూ సముద్రంలోంచి వచ్చినవే కదా మరి! శ్రీకాకుళం జిల్లా నౌపడలోనో, చినగంజాంలోనో ఉప్పుమళ్లు చూస్తే తెలుస్తుంది. లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో ముప్పాతిక వంతుకి పైగా మనం తినే ఉప్పే, మిగతాదాంట్లో మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఎండకి నీళ్లు ఇంకుతుంటే ముందు మన ఉప్పు గింజ కడుతుంది, మెగ్నీషియం లవణాలు చేదు నీళ్లలో ఉండిపోతాయి. రైతులు ఆ చేదు నీళ్లను బయటికి వదిలేసి ఉప్పు గుట్ట పోస్తారు. ఎంత వదిలినా గింజలకి కాస్త అంటుకునే ఉంటుంది. ఆ లవణాల్లో ఒకటైన మెగ్నీషియం క్లోరైడ్ అయితే గాలిలో తేమ 33 శాతం ఉన్నా చాలు, నీళ్లు లాగేస్తుంది. జాడీ అడుగున చేరే నీళ్లకి ముఖ్య కారణం అదే. మెత్తుప్పును శుద్ధి చేసి, తేమ పట్టకుండా ఒక పదార్థం కొద్దిగా కలుపుతారు. కాబట్టి మన బొమ్మకి రాళ్లుప్పు దంచి వేయడం కంటే ప్యాకెట్ ఉప్పే మేలు.

ఇప్పుడు అసలు విద్య, ఆరబెట్టడం. బొమ్మ మందం అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోపే ఉండాలి. చేసిన వెంటనే మండే ఎండలో పెడితే పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, పైపొర సాగలేక పగులుతుంది. కుమ్మరి తాత పచ్చికుండను మొదట నీడలో పెట్టేదీ అందుకే. ఒక రోజు నీడలో ఉంచండి, రెండో రోజు నుంచి ఎండలో పెట్టండి. చల్లెడ మీద పెడితే అడుగు నుంచి కూడా గాలి తగులుతుంది. పూటకోసారి తిరగేయండి. పొద్దుగూకే లోపల ఇంట్లోకి తెచ్చేయాలి, మంచు పడితే రోజంతా ఆరింది వృథా. ఓవెన్ ఉన్నవాళ్లు 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచొచ్చు, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. వేడి మరీ పెంచితే లోపలి నీళ్లు ఆవిరై బొమ్మ పొక్కులెక్కుతుంది.

ఆరిందని ఎలా తెలుస్తుంది? చేత్తో నొక్కి చెప్పడం కష్టం, తూకం వేయండి. కలిపిన ముద్దలో పావు వంతు నీళ్లే. పచ్చిగా 100 గ్రాములున్న బొమ్మ ఇంచుమించు 75 గ్రాములకి దిగాలి. రోజూ తూచి పుస్తకంలో రాయండి. వరసగా రెండు రోజులు బరువు మారకపోతే ఆరినట్టే. ఇంతకంటే మంచి సైన్స్ పాఠం నాకు తెలీదు.

రంగులు బొమ్మ ఆరాకే వేయాలి. పసుపు కలిపితే ముద్ద ముచ్చటగా ఉంటుంది గానీ ఎండకి వెలిసిపోతుంది. అదే పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది, పారాణి చేసేది అలాగే. అక్రిలిక్ రంగులైతే నిలుస్తాయి. రంగు ఆరాక ముందూ వెనకా అంచులూ ఎక్కడా వదలకుండా వార్నిష్ రెండు మూడు పూతలు వేయాలి. మా చెల్లెలి ఇంటి బొమ్మకి లోటు అదే కదా. లోపల తడి ఉండగా మాత్రం వార్నిష్ వేయకండి. తడి బయటికి రాలేక రంగు పొక్కుతుంది, లోపల మెత్తగానే ఉండిపోతుంది. వేలాడదీయడానికి ఇనప తీగ గుచ్చితే ఉప్పుకి తుప్పు పడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే స్ట్రాతో చిల్లు పొడిచి, ఆరాక నూలుదారం కట్టండి.

ఈ పిండితో చేసే వాటన్నిట్లో నాకు ప్రాణం పసిపాదం అచ్చు. ముద్దను రొట్టెలా ఒత్తి, పాపాయి పాదాన్ని మెత్తగా అద్ది తీసేయడమే. బొటనవేలి గుంట, మడమ గుండ్రం, పాదం మీది సన్నగీతలు కూడా పడతాయి. ఆరాక అచ్చు కాస్త చిన్నదవుతుంది. అద్దిన వెంటనే పాదం కడిగి తుడవండి, లేత చర్మం కదా. పసిపిల్లలు గానీ ఇంట్లో కుక్క గానీ ఈ ముద్ద తినకుండా కనిపెట్టుకుని ఉండండి. ఇంత ఉప్పు ఒంట్లోకి పోతే ప్రమాదం, కుక్కలకి ప్రాణం మీదికే వస్తుంది.

వానలు వెనకబట్టి గాలి పొడిబారే రోజులు, క్రిస్మస్ నక్షత్రాలకీ సంక్రాంతి బొమ్మల కొలువుకీ సరిపోయే రోజులు, ఈ పనికి మంచి అదను. ఇంట్లో చంటిపిల్ల ఉంటే పాదం అచ్చు, తాతా నానమ్మా ఉంటే వాళ్ల అరచేతి అచ్చు తీసుకోండి. పిండి పచ్చిగా ఉండగానే వెనకవైపు పుల్లతో పేరూ తేదీ రాయడం మాత్రం మరిచిపోకండి. ఆరాక రాయడం కుదరదు.